శ్వాస మీద ధ్యాస సరే, గాలి సంగతేమిటి?

ఈ మధ్య మన ఇళ్లలో ఒక కొత్త మాట తిరుగుతోంది. క్లైమేట్ యాంగ్జయిటీ. కాలేజీకెళ్లిన పిల్లలు సెలవులకి ఇంటికొచ్చి అంటున్నారు. ముప్పైల్లో ఉన్న మా వయసువాళ్లం రాత్రి రెండింటిదాకా కార్చిచ్చుల వీడియోలూ వరదల వీడియోలూ చూసి, పొద్దున్న స్టాండప్ మీటింగులో ఆవలిస్తూ అంటున్నాం. ఈ మాటకి సరైన తెలుగు లేదని ఒక మిత్రుడు తెగ బాధపడిపోయాడు. నాకా బాధ లేదు. మనకి "బెంగ" అనే చక్కటి మాట ఉంది.

జ్వరానికీ బెంగకీ తేడా మన అమ్మమ్మలకి బాగా తెలుసు. జ్వరమొచ్చిన పిల్లాడికి మందు పోసేవాళ్లు. బెంగ పెట్టుకున్న పిల్లాడిని మాత్రం ఎవరికోసం బెంగపెట్టుకున్నాడో వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు. అది కుదరకపోతే పదిమంది పిల్లల మధ్య వదిలేసేవాళ్లు. గదిలో ఒంటరిగా కూర్చోబెట్టి "నీ బెంగని నువ్వే గమనించుకో నాయనా" అని ఏ అమ్మమ్మా చెప్పలేదు.

ఇప్పుడు జరుగుతున్నది సరిగ్గా అదే. ఈ దేశంలో బెంగక్కూడా బజారుంది. నెలనెలా క్రెడిట్ కార్డు మీద డబ్బులు లాగే ధ్యానం యాప్‌లున్నాయి. కంపెనీ హెచ్.ఆర్. వాళ్లు పంపే "వెల్‌నెస్" మెయిళ్లున్నాయి. ఈ విషయంలో మనవాళ్లేం తక్కువ తినలేదు. వారాంతపు శిబిరాలు పెట్టి శ్వాస మీద ధ్యాస పెట్టమంటారు. ఆ శ్వాసలో పీలుస్తున్న గాలిలో ఏముందో, అది ఎవరి పొగగొట్టంలోంచి వచ్చిందో మాత్రం అడగకూడదు. అడిగితే నెగెటివ్ ఎనర్జీ! (నిద్రాహారాలు మానేసి, బతకాలని లేదనే దాకా వెళ్లినవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. అందులో రెండో మాట లేదు. నేను మాట్లాడుతున్నది మిగతా మనందరి గురించి.)

నా వాదన ఇంతే. భూతాపం గురించి భయపడటం రోగం కాదు, బుర్ర పనిచేస్తోందనడానికి గుర్తు. రోగం ఏదైనా ఉంటే అది ఆ భయాన్ని ఒంటరిగా మొయ్యడంలో ఉంది. నలుగురితో కలిసి, ఒక ఊరి గురించి, ఒక పని పెట్టుకుంటే తప్ప అది దిగదు.

"అబ్బే, ఇదంతా తిన్నదరక్క పడే బెంగండీ, తెల్లవాళ్ల ఫ్యాషన్" అనే పెద్దమనుషులున్నారు. వాళ్లకోసం ఒక అంకె. 2021లో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో ఒక సర్వే వచ్చింది. పది దేశాల్లో 16 నుంచి 25 ఏళ్ల మధ్యనున్న పదివేలమందిని అడిగారు. చాలా ఎక్కువగానో విపరీతంగానో ఆందోళన పడుతున్నామని వందకి 59 మంది అన్నారు. ఈ ఆందోళన తమ తిండినీ నిద్రనీ చదువునీ దెబ్బతీస్తోందని వందకి 45 మందికి పైగా అన్నారు. ఆ పది దేశాల్లో ఇండియా కూడా ఉంది. అక్కడ ఆ రెండో అంకె వందకి 74. అమెరికాలో అందులో సగం కూడా లేదు. మరి ఇది ఎవరి ఫ్యాషన్?

ఎందుకుండదు? 2015 మే నెల వడగాడ్పుల్లో మనదేశంలో రెండువేలమందికి పైగా చనిపోయారు. వాళ్లలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణల వాళ్లే. పొలం పనికి పోయినవాళ్లు, ఉపాధి కూలీలు, ముసలివాళ్లు. 2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో మునిగింది. అదే వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా కృష్ణ పారింది, బ్యారేజీ చరిత్రలో అదే రికార్డు. ఇక్కడ మన డాలస్ సంగతి చెప్పనక్కర్లేదు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్‌లో 45 లక్షల ఇళ్లకీ దుకాణాలకీ కరెంటు పోయింది, రాష్ట్ర ప్రభుత్వం లెక్కలోనే 246 మంది చనిపోయారు. ఫైర్‌ప్లేసులో అట్టపెట్టెలు కాల్చుకున్న సాఫ్ట్‌వేర్ కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. ఇంత జరిగాక బెంగ లేకపోతేనే డాక్టరుకి చూపించుకోవాలి.

బెంగ ఉంటే ఉంది, దాన్నేం చెయ్యాలి? ఇక్కడే మనల్ని ఒక పక్కదారి పట్టించారు. ఆ దారి పేరు కార్బన్ ఫుట్‌ప్రింట్. నువ్వెంత మాంసం తింటున్నావు, ఏ కారు నడుపుతున్నావు, ఏడాదికి ఎన్నిసార్లు హైదరాబాద్ విమానం ఎక్కుతున్నావు, లెక్కేసుకో, సిగ్గుపడు. ఈ లెక్కని ఇంటింటికీ చేర్చింది ఎవరనుకున్నారు? ఏ పర్యావరణ సంఘమో కాదు. 2004-05 ప్రాంతంలో బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ బీపీ, పెద్ద ప్రకటనల సంస్థని పెట్టుకుని, జనం తమ ఫుట్‌ప్రింట్ తామే లెక్కేసుకునే కాలిక్యులేటర్‌తో సహా ప్రచారం చేసింది. చమురు అమ్మేవాడు కొన్నవాడి చేతిలో పాపాల చిట్టా పెట్టాడు! తిలాపాపం తలా పిడికెడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. పిడికెడు పిడికెడుగా పంచేస్తే గాదె ఎవరిదో ఎవరూ అడగరు.

ఆ చిట్టా ఏం చేసిందంటే, బెంగకి సిగ్గుని జోడించింది. మనవాళ్లలో సున్నితమైనవాళ్లు ప్లాస్టిక్ స్పూన్ చూసి బాధపడటం నేర్చుకున్నారు. మిగతావాళ్లు "నేనొక్కణ్ణి మానేస్తే ఏం ఒరుగుతుంది" అని చేతులు దులుపుకున్నారు. నిజం చెప్పాలంటే రెండోవాళ్ల లెక్కే కరెక్టు. ఒక్కడు మానేస్తే ఏమీ ఒరగదు. వాళ్లు తప్పిందల్లా అక్కడ ఆగిపోవడంలో.

ఒక చిన్న పరిశోధన సంగతి చెబుతాను. 2022లో వచ్చింది. అమెరికాలో చదువుతున్న 284 మంది విద్యార్థులని అడిగి చూశారు. వాతావరణం గురించి బెంగ ఎక్కువున్నవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు కూడా ఎక్కువగా కనిపించాయి. నలుగురితో కలిసి ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లలో మాత్రం ఆ రెండింటి మధ్య ముడి బలహీనపడింది. ఒంటరిగా రీసైక్లింగూ అదీ చేసుకుంటున్నవాళ్లలో అలా బలహీనపడలేదు. 284 మందితో లోకం గురించి తీర్పు చెప్పలేం, నిజమే. కాని మనం ఇన్నాళ్లూ చూస్తున్నదానికి ఇది అతికినట్టు సరిపోతోంది.

ఇప్పుడు మన ఊళ్ల వైపు ఒకసారి చూద్దాం. శ్రీకాకుళం జిల్లా సోంపేట. ఉద్దానం కొబ్బరితోటల పక్కన, సముద్రానికి దగ్గరగా "బీల" అని పిలిచే చిత్తడి నేలలున్నాయి. ఆ నీళ్లమీద వరి పండుతుంది, చేపలు పడతాయి, పశువులు మేస్తాయి. ప్రభుత్వం కాగితాల్లో అదంతా పనికిరాని భూమి. అక్కడ 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టుకోమని నాగార్జున కన్‌స్ట్రక్షన్ కంపెనీకి అప్పగించారు. రైతులు, జాలర్లు, ఊళ్లో వైద్యం చేసుకునే డాక్టర్లు, టీచర్లు కలిసి సంఘం కట్టారు. కోర్టుకెళ్లారు, అధికారుల చుట్టూ తిరిగారు, రిలే నిరాహార దీక్షలకి కూర్చున్నారు. 2010 జులై 14న వేలమంది జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. కనీసం ఇద్దరు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసింది. ఆ తర్వాత కూడా జనం ఇళ్లకి పోలేదు, దీక్షా శిబిరం ఏళ్ల తరబడి నడిచింది. ఆ ప్లాంటు ఈరోజు దాకా కట్టలేదు.

మనం ఇంజనీర్లం కదా, ఒక లెక్క వేద్దాం. 2,640 మెగావాట్ల ప్లాంటు ఏడాదిలో 70 శాతం సామర్థ్యంతో నడిచిందనుకుంటే సుమారు కోటీ అరవై లక్షల మెగావాట్ అవర్ల కరెంటు. బొగ్గుతో ఒక్కో మెగావాట్ అవర్‌కి కాస్త అటూ ఇటూగా 0.9 టన్నుల కార్బన్ డయాక్సైడ్. అంటే ఏడాదికి దాదాపు కోటిన్నర టన్నులు. సగటు అమెరికన్ ఏడాదికి 14, 15 టన్నుల లెక్కలో ఉంటాడు. అంటే సోంపేట జనం ఆపిన పొగ, పదిలక్షలమంది అమెరికన్లు ఒక ఏడాదిపాటు కారూ ఏసీ విమానం అన్నీ మానేసి కూర్చుంటే మిగిలేంత. ఒక్క ఏడాదికి! ప్లాంటు బతికేది ముప్పై నలభై ఏళ్లు.

"ఆ కరెంటు ఇంకోచోట బొగ్గుతోనే తయారయి ఉంటుంది కదా?" అని అడిగే మిత్రులుంటారు. కొంత అయి ఉంటుంది, కాదనను. అయినా 2010లో ఆగిన ప్రతి బొగ్గు ప్లాంటూ సోలార్ చవకయ్యేదాకా కాస్త వ్యవధి ఇచ్చింది. పదేళ్లు తిరక్కుండా ఇండియాలో కొత్త సోలార్ కరెంటు కొత్త బొగ్గు కరెంటు కంటే చవకయింది. అప్పుడే కట్టేసిన ప్లాంటయితే అప్పు తీరేదాకా నడపక తప్పేది కాదు. పైగా సోంపేటవాళ్లు గ్లోబల్ వార్మింగ్ మీటింగు పెట్టలేదు. నీళ్ల గురించి, చేపల గురించి, పిల్లల ఊపిరితిత్తుల గురించి మాట్లాడారు. వాళ్లకి బెంగ లేదనుకోవద్దు. బీల పోతుందేమోనన్న బెంగతోనే కదా బయటికొచ్చారు! కాని ఆ బెంగని ఎవరి ఇంట్లో వాళ్లు పెట్టుకుని కూర్చోలేదు, తీసుకొచ్చి శిబిరంలో పెట్టారు.

అక్కడంటే భూమి ఉంది, ఊరుంది, తాతల కాలంనుంచి ఒకరికొకరు తెలుసు, ఇక్కడ మనకేముంది, పక్కింటివాడి పేరే తెలీదు అంటారు. సరే, ఇక్కడి సంగతే చెబుతాను. డాలస్ ప్రాంతంలో మన తెలుగువాళ్లు ఎగబడి ఇళ్లు కొన్న ఊరు ఫ్రిస్కో. మంచి స్కూళ్లు, మంచి గాలి అని రియల్టర్లు చెబుతారు. ఆ ఊరి నడిబొడ్డున 1964 నుంచి పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే ఫ్యాక్టరీ ఒకటుండేది. చివర్లో అది ఎక్సైడ్ కంపెనీ చేతిలో ఉంది. 2008లో కేంద్ర పర్యావరణ సంస్థ గాలిలో సీసానికి పెట్టిన పరిమితిని పదోవంతుకు తగ్గించాక, ఆ ఊళ్లో కొంత భాగం ఆ ప్రమాణానికి తూగలేదని 2010లో తేలింది. అప్పుడు కొందరు తల్లులు, తండ్రులు, పక్క ఊళ్లలో సిమెంటు బట్టీల పొగ మీద ఎప్పటినుంచో కొట్లాడుతున్న ఒక సంఘం తోడుగా, సిటీ కౌన్సిల్ మీటింగులకి వెళ్లడం మొదలెట్టారు. వెళ్లారు, మళ్లీ వెళ్లారు, విసుగొచ్చేదాకా వెళ్లారు. 2012లో సిటీ ఆ కంపెనీతో నాలుగున్నర కోట్ల డాలర్ల భూమి ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది నవంబర్ చివర ఫ్యాక్టరీ మూతపడింది.

సీసానికీ భూతాపానికీ ఏం సంబంధం అంటారా? గొట్టం వేరు, పద్ధతి ఒకటే. ఇవాళ మనవాళ్లు ఆ ఊళ్లో వాకింగ్ ట్రాక్ మీద నడుస్తూ పీలుస్తున్న గాలి ఎవరో మంగళవారం రాత్రుళ్లు మీటింగుల్లో కూర్చుంటే వచ్చింది. మన ఇళ్ల ధరలో ఆ కూర్చున్నవాళ్ల కష్టం కూడా ఉంది. వాళ్లకి మనం అద్దె కూడా కట్టలేదు.

"మాది సాఫ్ట్‌వేర్, మాకు ఫ్యాక్టరీలతో పనేమిటి" అనే రోజులు పోయాయి. గూగుల్ 2024లో తానే ప్రకటించింది, 2019తో పోలిస్తే తన ఉద్గారాలు 48 శాతం పెరిగాయని. కారణం ప్రధానంగా డేటా సెంటర్లు. 2020తో పోలిస్తే 29 శాతం పెరిగాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మనం రాసే కోడుకి పొగగొట్టం ఉంది, మన కిటికీలోంచి కనిపించదంతే. 2025 అక్టోబర్‌లో విశాఖకి 1,500 కోట్ల డాలర్ల గూగుల్ డేటా సెంటర్ వస్తోందనగానే మనవాళ్లు పండగ చేసుకున్నారు. ఒక గిగావాట్ కరెంటు ఎక్కణ్ణుంచి, చల్లబరచడానికి నీళ్లు ఎక్కణ్ణుంచి, ఆ భూముల్లో ఉన్నవాళ్లు ఎక్కడికి అని విశాఖలో అడుగుతున్నవాళ్లని అభివృద్ధి నిరోధకులన్నారు. ఈ ప్రశ్నలు అడగడానికి మనకంటే అర్హత ఉన్నవాళ్లెవరు? సర్వర్ ఎంత వేడెక్కుతుందో మనకి తెలియదా?

మనబోటి ఉద్యోగులే అడిగిన సందర్భం ఒకటుంది. అమెజాన్‌లో కొందరు ఉద్యోగులు 2018లో ఒక బృందంగా ఏర్పడ్డారు. 2019 ఏప్రిల్‌లో కంపెనీ వాతావరణ ప్రణాళిక ఏమిటో చెప్పమని బహిరంగ లేఖ రాశారు. ఎనిమిది వేలమందికి పైగా ఉద్యోగులు పేరు పెట్టి మరీ సంతకాలు చేశారు. వాటాదారుల సభలో తీర్మానం పెట్టారు, అది ఓడిపోయింది. సెప్టెంబర్ 20న పని ఆపి బయటికొస్తామని ప్రకటించారు. దానికి సరిగ్గా ఒకరోజు ముందు, సెప్టెంబర్ 19న, జెఫ్ బెజోస్ విలేఖరుల సమావేశం పెట్టి 2040 కల్లా నెట్ జీరో అని ప్రతిజ్ఞ చేశాడు. ప్రతిజ్ఞ ఎంతవరకు నిలబడుతుందో చూడాలి, నాకు పెద్ద నమ్మకం లేదు. ముందుండి నడిపించిన ఇద్దర్ని 2020 ఏప్రిల్‌లో ఉద్యోగాల్లోంచి తీసేశారు కూడా. వాళ్లు కార్మిక బోర్డుకెక్కారు, 2021లో కంపెనీ రాజీకొచ్చి వాళ్లకి పోయిన జీతం కట్టింది. ఏదీ ఊరికే రాలేదు. కాని ఎనిమిది వేలమంది సంతకాల కాగితం లేకుండా సెప్టెంబర్ 19 లేదు.

ఇక అసలు ప్రశ్న. వీసా. "నువ్వు బాగానే చెబుతావు, మేం హెచ్-1బి మీద ఉన్నాం, పదిహేనేళ్లుగా గ్రీన్‌కార్డు వరసలో నిలబడి ఉన్నాం, ఉద్యోగం పోతే అరవై రోజుల్లో సామాను సర్దుకోవాలి, మాకెందుకొచ్చిన గొడవ." ఈ మాటని నేను వెక్కిరించను. 2025లో గ్రీన్‌కార్డు ఉన్న ఒక కొలంబియా విద్యార్థినే ఉద్యమంలో ఉన్నాడని అరెస్టు చేసి నెలల తరబడి నిర్బంధించారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. భయం నిజమైనదే. వీసా మీద ఉన్న తమ్ముణ్ణి ప్లకార్డు పట్టుకుని ముందు నడవమని చెప్పేవాడు ఎవడైనా ఉంటే వాడు ముందు తన పాస్‌పోర్టు ఏ రంగో చెప్పాలి.

నేను అడుగుతున్నది నీలం పాస్‌పోర్టు చేతికొచ్చిన అన్నయ్యల్ని, వదినల్ని. ఇరవై ఏళ్ల కిందట పౌరసత్వ ప్రమాణం చేశారు, ఇల్లు కట్టారు, పిల్లలు కాలేజీకి పోయారు. మీకు ఏ భయం? ఇప్పటికీ "మనం పరాయిదేశంలో ఉన్నాం, తల వంచుకుని పని చేసుకుందాం" అంటారు. ఏటా ఆస్తిపన్ను పదీ పదిహేను వేల డాలర్లు కట్టే ఊరు పరాయి ఊరెలా అవుతుంది? 2020 జనగణనలో ఫ్రిస్కోలో నలుగురిలో ఒకరు ఆసియా మూలాల వాళ్లు. ఇంతమందిమి ఉండి, కౌన్సిల్ మీటింగులో మన మొహం కనిపించేది గుడికి పార్కింగ్ స్థలం కావాల్సినప్పుడే.

వీసా మీద ఉన్నవాళ్లకీ చెయ్యగలిగినది చాలా ఉంది. కాగితాలు చదవడం, లెక్కలు కట్టడం, మ్యాపులు గియ్యడం, స్ప్రెడ్‌షీటు తయారుచెయ్యడం. ఈ దేశంలో ఏ చిన్న పౌర బృందాన్ని చూసినా రిటైరయిన నర్సులూ టీచర్లూ ఉంటారు, అయిదు వందల పేజీల నివేదికలోంచి నాలుగు అంకెలు బయటికి లాగేవాళ్లు దొరక్క తల పట్టుకుని ఉంటారు. మనం రోజూ జీతానికి చేసే పని అదే.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 2021 మంచు తుఫాను తర్వాత నాకు చాలాకాలం సరిగా నిద్రపట్టలేదు. కరెంటు ఒక్క క్షణం మినుకుమంటే లేచి కూర్చునేవాణ్ణి. 2023లో మా ఊరి లైబ్రరీలో జరిగే ఒక చిన్న మీటింగుకి వెళ్లాను. పదకొండుమంది. ఒక రిటైర్డ్ నర్సు, ఒక మెక్సికన్ బస్ డ్రైవరు, ఇద్దరు హైస్కూలు పిల్లలు, మిగతా తల్లిదండ్రులు. విషయం పెద్దదేం కాదు, స్కూలు బస్సుల డీజిల్ పొగ. 2021 మౌలిక సదుపాయాల చట్టం పొగ తక్కువ స్కూలు బస్సులకి ఐదేళ్లలో 500 కోట్ల డాలర్లు కేటాయించింది. మా స్కూలు డిస్ట్రిక్టు దానికి దరఖాస్తే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడగడం మా పని. బస్సు ఏడాదికి ఎన్ని మైళ్లు తిరుగుతుంది, డీజిల్‌కి ఎంత, మరమ్మతులకి ఎంత, ఇదంతా నేను షీటులో వేశాను. డ్రైవరుగారు నా అంకెలు సగం కొట్టేశాడు. చలికాలం పొద్దున్న ఇంజను ఎంతసేపు ఊరికే తిరుగుతుందో నా షీటుకి తెలీదుగదా! ఆయన చెప్పినవి పెట్టి మళ్లీ వేశాం. బోర్డు ముందు మూడు నిమిషాలు మాట్లాడటానికి నెలన్నర పట్టింది. చివరికి దరఖాస్తు వెళ్లింది. లాటరీలో మా పేరు రాలేదు. ఎలక్ట్రిక్ బస్సులు రాలేదు.

వచ్చిందల్లా ఒక చిన్న ఉత్తర్వు. పిల్లలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ స్కూలు ముందు బస్సు ఇంజన్లు ఆపెయ్యాలి. అంతే. దీంతో భూగోళం చల్లబడలేదు. కాని నాకు నిద్రపట్టింది. ఆశ పుట్టి కాదు, నా ఆశ పెద్దగా పెరగలేదు. వచ్చే గురువారం ఏం చెయ్యాలో తెలుసు కాబట్టి. తుఫానొస్తే ఎవరి ఇంట్లో జనరేటరుందో, ఏ వీధిలో ఆక్సిజన్ మిషను మీద ఉన్న ముసలావిడ ఉందో తెలుసు కాబట్టి. మా నర్సుగారు ఆ జాబితా రాసి ఫ్రిజ్‌కి అంటించింది. 2021లో ఆ జాబితా ఎవరి దగ్గరా లేదు.

మన తెలుగు సంఘాలకి ఇదంతా పట్టదు. రెండేళ్లకోసారి కన్వెన్షన్ సెంటరు అద్దెకి తీసుకుని, సినిమావాళ్లని విమానాల్లో దింపి, రాజకీయ నాయకులకి శాలువాలు కప్పి, మూడు రోజులు తింటారు. నేను వెళ్లిన సభల్లో రియల్ ఎస్టేటు స్టాళ్లు మాత్రం వరసలు కట్టి ఉన్నాయి. ఆ స్టాళ్ల దగ్గరే మన డాలర్లు అసలు పని చేస్తున్నాయి. కోకాపేటలో 2023 వేలంలో ఎకరం వందకోట్లు దాటింది. ఆ ధరకి మనం కొన్న ఫ్లాట్లూ కారణమే. 2025 మార్చి చివర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్‌డోజర్లు వచ్చింది ఆ ధర చూసే. అడ్డం పడింది విద్యార్థులు. లాఠీలు తిన్నారు, అరెస్టయ్యారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్లు కొట్టడం ఆపించే నాటికి సుమారు వంద ఎకరాలు పోయాయి. ఆ నెమళ్ల వీడియోలు మనందరం పంచుకున్నాం, కన్నీళ్ల బొమ్మలు పెట్టుకున్నాం. మంచిదే. వాళ్ల మీద పెట్టిన కేసులకి లాయరు ఖర్చు ఎంత అని అడిగినవాళ్లు ఎంతమంది?

హాస్టల్లో ఉంటున్న ఆ పిల్లలకి ఉన్నదేమిటి, నాలుగు బెడ్‌రూముల ఇళ్లలో ఉంటున్న మనకి లేనిదేమిటి అని ఆలోచిస్తే నాకు ఒక్కటే కనిపిస్తుంది. రాత్రి భయమేస్తే తలుపు కొట్టడానికి పక్క గది ఉంది. మనకి పక్క గదిలో హోమ్ థియేటరుంది.

మా ఊళ్లో సిటీ కౌన్సిల్ నెలలో మొదటి మంగళవారం, మూడో మంగళవారం సాయంత్రం కూర్చుంటుంది. ఊళ్లో ఉంటున్న ఎవరైనా చీటీ రాసిస్తే మూడు నిమిషాలు మాట్లాడొచ్చు. వీసా ఏమిటని అక్కడ అడగరు. ఈ వేసవిలో మా బృందం అడగబోయేది రెండు విషయాలు. కరెంటు పోతే ఎండదెబ్బ తగలకుండా జనం వచ్చి కూర్చోవడానికి లైబ్రరీకి సోలారూ బ్యాటరీలూ కావాలి. మధ్యాహ్నం మూడింటికి ఎండలో నిలబడి రోడ్డుకి తారు వేస్తున్న కూలీలకి నీళ్లూ నీడా విశ్రాంతీ సిటీ కాంట్రాక్టుల్లో రాయాలి. 2023లో టెక్సస్ శాసనసభ చేసిన చట్టం, డాలస్, ఆస్టిన్ నగరాల్లో ఉన్న నీళ్ల విరామాల నిబంధనని కొట్టేయడానికి వీలు కల్పించింది. అందుకే కాంట్రాక్టుల్లోనైనా రాయించాలని మా పట్టుదల. లెక్కలు చూసేవాళ్లు ఇద్దరు కావాలి, స్పానిష్ వచ్చినవాళ్లు ఒకరు కావాలి. ఖాళీ కుర్చీలు నింపేవాళ్లు ఎంతమందైనా కావాలి. మీటింగు ఏడింటికి. ఆరున్నరకల్లా వస్తే లైబ్రరీ మెట్లమీద కలుసుకుందాం, నర్సుగారు ఫ్లాస్కులో టీ తెస్తుంది, మిరపకాయ బజ్జీలు నేను తెస్తాను.